ఫ్లాష్ కోసం కన్వర్టిబుల్ గొడుగు కొనేవారికి ఒక హెచ్చరిక

ఫ్లాష్‌ను కెమెరా మీద నుంచి తీసి స్టాండుపై పెట్టి వాడదలచినవారు తరచుగా మొదట కొనేది, వెలుతురును మెత్తబరిచే కన్వర్టిబుల్ గొడుగే. నల్లటి పైతొడుగు తీసేస్తే వెలుతురు తెల్లగుడ్డ గుండా ముందుకు పోతుందని, తొడిగితే లోపలివైపు తగిలి వెనక్కి మళ్లుతుందని అమ్మకందారులు చెప్పేదాంట్లో అబద్ధం లేదు. కాని నేను ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న గొడుగు ఆ రెండు పనుల్లో ఒక్కటీ సవ్యంగా చేయలేదు.

పెట్టె మీద 43 అంగుళాలని ఉంది. గొడుగు విప్పి, ఒక ఊచ కొన నుంచి దానికి ఎదురుగా ఉన్న ఊచ కొన వరకు టేపు పట్టి కొలిస్తే 36 అంగుళాలే వచ్చింది. అడిగితే, అది గొడుగు వీపు మీదుగా, వంపు వెంబడి కొలిచిన అంకె అని జవాబిచ్చారు. ఈ సరుకులో అలా కొలవడం మామూలే కనుక దాన్ని మోసమనలేను. అయితే నీడలు ఎంత మెత్తగా వస్తాయన్నది, ఫొటో తీయించుకునే మనిషికి ఆ వెలుగు ఎంత మేర కనిపిస్తుందన్న దానిపైనా, గొడుగు ఎంత దగ్గరగా ఉందన్న దానిపైనా ఆధారపడుతుంది తప్ప గుడ్డ పొడవు మీద కాదు. వైశాల్యం లెక్క వేస్తే, 43ను నమ్మి ఆశించినదానిలో దాదాపు 30 శాతం లేనట్టే.

అసలు చిక్కు గుడ్డతో వచ్చింది. నల్లతొడుగు ఎంత పలచనిదంటే, ఫ్లాష్ వెలిగినప్పుడల్లా వెనక గోడ మీద వెలుగు మరక పడుతోంది. తెల్లగుడ్డలోనేమో పసుపు ఛాయ ఉంది. ఒక్క లైటే వాడితే దాన్ని వైట్ బ్యాలెన్స్‌తో, అంటే ఫొటో మొత్తం రంగు ఛాయను సవరించే అమరికతో, సరిదిద్దుకోవచ్చు. వేరే రకం గొడుగు తొడిగిన రెండో లైటు కూడా ఉంటే ముఖంలో ఒక పక్క ఒక రంగు, మరో పక్క ఇంకో రంగు వస్తాయి, అప్పుడు ఒకే సవరణ రెండింటికీ కుదరదు. రెండు గొడుగులు కావలసినవారు ఒకే తయారీవి, వీలైతే ఒకేసారి కొనడం మేలు.

కాడ సంగతి చిన్నదే అయినా చిరాకు పెడుతుంది. గొడుగును స్టాండుకు పట్టి ఉంచే బ్రాకెట్లు చాలావరకు 8 మిల్లీమీటర్ల కాడకు సరిపోతాయి, కొన్ని స్టూడియో లైట్లు 7 మిల్లీమీటర్లదే పట్టిస్తాయి. నాకు వచ్చిన బోలు కాడ వదులుగా తిరుగుతుంటే మర బిగించాను, గొట్టం నొక్కుకుపోయింది. ఆ నొక్కును చూపించే సరుకు వాపసు తీసుకోలేదు. కనుక కొలత, రంగు, తొడుగు మందం పరీక్షించడం పూర్తయ్యే దాకా కాడను బ్రాకెట్‌లో గట్టిగా బిగించకండి.