సీలింగ్ మచ్చకు మెషీన్‌లో కలిపించిన తెలుపు: నాలుగేళ్లు వాడాక

మా హాలు సీలింగ్ తెల్లగా ఉంటుందని 2021 దాకా నేనూ అనుకునేవాణ్ని. దాని మీద అసలైన తెల్ల రంగు పళ్లెమంత మేర పడ్డాక తెలిసింది, మా సీలింగ్ ఏ రంగైనా కావచ్చు గానీ తెలుపు మాత్రం కాదని.

మాది మిర్యాలగూడ. 2015లో కట్టుకున్న ఇల్లు. 2020 అక్టోబరు వానలకు డాబా మీద నీళ్లు పోయే గొట్టానికి చెత్త అడ్డం పడింది. రెండు రోజులు నీళ్లు నిలిచి, హాల్లో పడమటి మూల ఉరిసింది. చుట్టూ గోధుమ రంగు గీతతో మచ్చ కట్టింది. ఎండలు ముదిరాక పైన వాటర్‌ప్రూఫింగ్ చేయించి, నెల రోజులు ఆరనిచ్చి, లోపల పెచ్చులు గీకించి, లప్పం పెట్టించి టచప్ మొదలుపెట్టాం. ఆ ఒక్క మచ్చ మీద మూడు రకాలుగా ప్రయత్నించాను. మూడోది, సీలింగ్ ముక్క పట్టుకెళ్లి షాపులో మెషీన్ మీద కలిపించిన లీటరు డబ్బా. 2021 నవంబరు నుంచి ఇంట్లో నాలుగు చోట్ల వాడాను. ఈ సమీక్ష దాని గురించే. కంపెనీ పేరు రాయడం లేదు. ఇందులో కంపెనీ గొప్పా తప్పూ పెద్దగా లేవు, ఎవరి డబ్బా కొన్నా ఇదే కథ.

ముందు ఫెయిలైన రెండింటి గురించి చెప్పాలి, లేకపోతే మూడోదాని విలువ తెలియదు.

"తెల్లది తెల్లగనే ఉంటది గద సార్" అంటూ మా పెయింటరు రెడీమేడ్ తెలుపు తెచ్చి బ్రష్‌తో రెండు చేతులు, అంటే రెండు పూతలు కొట్టాడు. పొద్దున చూస్తే బాగానే ఉంది. సాయంత్రం నాలుగు గంటలకు పడమటి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా వచ్చింది. అమ్మ మంచం మీద పడుకుని పైకి చూసి, "ఏందిరా అది, జొన్నరొట్టె అంటుకున్నట్టు" అంది. నిజమే, అచ్చం రొట్టెలాగే ఉంది, అంచులతో సహా.

అది చాలదన్నట్టు పదిహేను రోజులకు ఆ తెలుపులోంచి గోధుమ గీత మళ్లీ తేలింది. ఇంకో చేయి కొట్టించాం. మళ్లీ తేలింది. నీటి మరకలోని రంగు నీళ్లలో కరిగే రకం. దాని మీద నీళ్ల రంగు కొడితే ఆ తడికే మరక కరిగి పైకి వస్తుంది, ఎన్ని చేతులు కొట్టినా అంతే. మరక మీద ముందు ఆయిల్ ప్రైమర్ ఒక చేయి కొట్టి, పూర్తిగా ఆరాక నీళ్ల రంగు వేయాలి. పెయింటరుకు ఈ సంగతి తెలియక కాదు, చిన్న పనికి ఎవరు ఆయిల్ డబ్బా ఓపెన్ చేస్తారని వదిలేశాడు. రెండో ప్రయత్నంగా ప్రైమర్ వేయించి, పైన అదే తెలుపు కొట్టించాక మరక ఈరోజు దాకా మళ్లీ కనబడలేదు.

మరక పోయింది గానీ రొట్టె పోలేదు. అప్పుడు పెయింటరు నెమ్మదిగా అసలు విషయం చెప్పాడు. "కొత్తిల్లు అప్పుడు బకెట్ల రెండు చుక్కలు నీలం, ఒక చుక్క నలుపు ఏసిన సార్, తెల్లగ కొడ్తదని." వాళ్ల నాయన సున్నంలో నీలిమందు కలిపేవాడట, అదే అలవాటు ఇతనికీ వచ్చింది. సున్నాల కాలంలో ఈ బాధ లేదు. పండక్కో పెళ్లికో ఇల్లంతా ఒకేసారి వేసేవాళ్లు కాబట్టి పాతదాంతో కలవాల్సిన పని ఉండేది కాదు. ఇప్పుడు మూలకొక పళ్లెమంత వేసి కలిసిపోవాలంటున్నాం. ఆ మూడు చుక్కల లెక్క ఎవరి దగ్గరా రాసి లేదు, మిగిలిన రంగు ఎప్పుడో పారబోశాం. పైగా మధ్యలో ఆరేళ్లు గడిచాయి. మా ఊళ్లో గాలి ఇటు మళ్లితే రైసు మిల్లుల ఊక బూడిద ఇంట్లోకి వస్తుంది, దేవుడి గది పొగ సరేసరి.

అందుకని రంగు పేరు మర్చిపోయి, ఉన్న రంగునే చూపిద్దామని బయల్దేరాం.

ముక్క ఎక్కడ కోయాలన్నది మొదటి చిక్కు. ఫ్యాను రాడ్డు పైన ఉండే ప్లాస్టిక్ కప్పు కిందికి దించితే అక్కడ కోసినా ఎవరికీ కనబడదని నాకు తోచింది. కరెంటు ఆపి, కప్పు దించి, బ్లేడుతో రూపాయి బిళ్ల కన్నా కాస్త పెద్ద ముక్క, వెనక లప్పంతో సహా జాగ్రత్తగా లేపాను. కప్పు ఉన్న చోట చూస్తే సీలింగ్ మీద ఒక గుండ్రటి గీత. లోపల లేత నీలి ఛాయ ఉన్న తెలుపు, బయట చిక్కటి మజ్జిగ రంగు. ఒకే సీలింగ్, ఒకే రోజు వేసిన రంగు. కప్పు కింద కోసిన ముక్క చూపిస్తే 2015 నాటి రంగు వస్తుంది, నాకు కావాల్సింది ఇప్పటి రంగు. మళ్లీ నిచ్చెన జరిపి, మచ్చ అంచులో ఎలాగూ గీకాల్సిన చోట నుంచి రెండో ముక్క కోసుకున్నాను.

సాగర్ రోడ్డులో మెషీన్ ఉన్న షాపుకు రెండూ తీసుకెళ్లాను. అక్కడి కుర్రాడు చేతిలో పట్టే చిన్న పరికరాన్ని ముక్క మీద ఆనించి నొక్కాడు. అది వెలుతురు పంపి, తిరిగొచ్చినదాన్ని కొలిచి కంప్యూటర్‌కు చెబుతుంది. ముక్క చదునుగా ఉండాలి, పరికరం కింద సందు ఉంటే లెక్క తప్పుతుంది. మొదటి కొలతకు మరీ పసుపు వచ్చింది. కుర్రాడు ముక్కను తడి గుడ్డతో ఒకసారి తుడిచాడు, గుడ్డకు మసి అంటింది. మళ్లీ కొలిస్తే లెక్క మారింది. ఇక్కడ ఆగి ఆలోచించాల్సి వచ్చింది. తుడిచిన రంగు కావాలంటే ఇంట్లో సీలింగ్ కూడా తుడవాలి. నేను తుడవడానికే ఒప్పుకున్నాను, ఆదివారమంతా మెడ పట్టేసేలా తుడిచాను. ఆ పని చేయకపోయి ఉంటే డబ్బులు దండగ అయ్యేవని ఇప్పటికీ అనుకుంటాను.

కంప్యూటర్ ముందు షేడ్ కార్డులో దగ్గరి నంబరు చూపిస్తుంది. "ఇది తీసుకోండన్నా, ఏం తేడా తెల్వదు" అంటారు. గోడకైతే తెలియదేమో గానీ సీలింగ్ మచ్చకు తెలుస్తుంది. ముక్కకు సరిపడా లెక్క కట్టి కలపమని అడగాలి. మాకు పసుపు, నలుపు, కొద్దిగా ఎరుపు పడ్డాయి, అన్నీ చుక్కల లెక్కే. తెల్లటి రంగుల్లో పడేదే అంత తక్కువ కాబట్టి చిన్న డబ్బాలో ఒక్క చుక్క ఎక్కువైనా ఛాయ తేలిపోతుంది. నాకు పావు లీటరు చాలు, అయినా అందుకే లీటరు తీసుకున్నాను.

ఇంకో మాట. కుర్రాడు మరకలు కడిగితే పోయే ఖరీదైన రంగు అంటగట్టబోయాడు. దానికి కాస్త మెరుపు ఉంటుంది. మాది 2015లో వేసిన చవక ఎమల్షన్, చాక్‌పీసు లాగా మెరుపే లేనిది. రంగు అచ్చంగా కలిసినా మెరుపు వేరైతే ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు మచ్చ కనబడుతుంది. కాబట్టి షాపులో ఉన్నవాటిలో అతి తక్కువ మెరుపున్నది, అంటే అతి చవకది అడిగి తీసుకున్నాను. లీటరు ఐదు వందల లోపే అయింది. పెయింటరు కూలి అంతకు రెండింతలు.

డబ్బా ఇంటికి తెచ్చాక సరాసరి మచ్చ మీద పూయలేదు. ఇంట్లో పెళ్లి పత్రికలకు కొదవ లేదు కదా. ఒక మందపాటి పత్రిక వెనక రెండు చేతులు వేసి, రాత్రంతా ఆరనిచ్చి, డబుల్ టేపుతో సీలింగ్‌కు అంటించాను. తడిగా ఉన్నప్పుడు రంగు పాలలాగా లేతగా కనబడింది, తెల్లారేసరికి ఒక మెట్టు ముదిరింది. పొద్దున పత్రిక ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. నాలుగు గంటల ఎండలోనూ సన్నగా అంచు నీడే గానీ రంగు తేడా లేదు. రాత్రి ఎల్ఈడీ వేస్తే మాత్రం చాలా కొద్దిగా గులాబీ ఛాయ కొట్టింది. పాత రంగులో పడ్డవి నీలం నలుపు, కొత్తదాంట్లో పడ్డవి పసుపు నలుపు ఎరుపు. కలిపిన పొడులు వేరైతే ఒక వెలుతురులో కలిసిపోయిన రెండు రంగులు ఇంకో వెలుతురులో విడిపోతాయట. రాత్రిపూట సీలింగ్ వంక ఎవరు చూస్తారులే అని సర్దుకున్నాను. అమ్మ చూస్తుంది, అది వేరే విషయం.

పూయడం మీద పెయింటరుతో చిన్న గొడవే అయింది. ఆయన బ్రష్ తీశాడు, నేను నాలుగంగుళాల రోలర్ ఇచ్చాను. పాత సీలింగ్ మీద రోలర్ వదిలిన సన్నటి గరుకు ఉంది, దాని పక్కన బ్రష్ గీతలు పడితే రంగు ఎంత కలిసినా వేరుగానే కనబడతాయి. లప్పాన్ని 220 నంబరు ఎమ్రీ పేపర్‌తో చేతికి అంచు తగలనంతగా రుద్దించాను. లప్పం మీద మళ్లీ ప్రైమర్ వేయించాను, లేకపోతే అది రంగును తాగేసి ఆ చోటు మసకగా ఉండిపోతుంది. రెండో చేయి మొదటిదాని కన్నా జానెడు బయటికి, రోలర్ మీద రంగు అయిపోవస్తుండగా ఒత్తిడి తగ్గించి పైపైన లాగించాను. "ఇంత చిన్న పనికి ఇంత కథా సార్" అని నవ్వాడు గానీ, మర్నాడు సాయంత్రం నాలుగింటికి ఫోన్ చేసి మరీ వచ్చి చూసుకుని వెళ్లాడు.

ఇక నాలుగేళ్ల సంగతి.

హాల్లో మొదటి రెండేళ్లు మచ్చ ఎక్కడుందో కొత్తవాళ్లకు చూపించినా తెలిసేది కాదు. మూడో ఏడు నుంచి ఆ చోటు చుట్టూ ఉన్నదాని కన్నా కాస్త లేతగా కనబడుతోంది. పాత రంగు అరిగి పొడిబారింది, దుమ్ము ఎక్కువ పట్టుకుంటుంది, కొత్తది అంత పట్టుకోదు. తడి గుడ్డతో తుడిస్తే మళ్లీ కొన్నాళ్లు దగ్గరవుతాయి. మొన్న దసరాకు తుడవలేదు, సాయంత్రం పూట తెలుస్తోంది.

2022లో హాల్లోనే ఉయ్యాల కొక్కెం తీసేసిన బొక్కకు అదే డబ్బా వాడాను, నేనే. పూర్తిగా కలిసిపోయింది. ఇప్పుడు వేలు పెట్టి తడిమినా దొరకదు.

పడకగదిలో మాత్రం తప్పు చేశాను. ఒకే రోజు ఒకే బకెట్లోంచి వేసిన రంగే కదా అని 2023లో ఏసీ పైపు పక్కన గీరుకుపోయిన చోట హాలు డబ్బాతోనే పూశాను. ఆ గదికి పొగ లేదు, కిటికీలు ఎప్పుడూ మూసే ఉంటాయి, సీలింగ్ ఇంకా నీలి తెలుపులోనే ఉంది. మజ్జిగ మరక పడ్డట్టయింది. ఒక గదికి కలిపించింది ఆ గదికే.

వంటింట్లో అసలు పెట్టుకోకుండా ఉండాల్సింది. పోపుల నూనె జిడ్డు మీద రంగు పట్టలేదు, సబ్బు నీళ్లతో కడిగాక సీలింగంతా చారలైంది. చివరికి ఈ మూల నుంచి ఆ మూల దాకా మొత్తం వేయించాం, ఒక్క పూట పని. చిన్న గదికి టచప్ లెక్కలు వేసుకునే కన్నా అదే సుఖం. హాల్లో కూడా మచ్చ దూలం పక్కన ఉండి ఉంటే దూలం నుంచి దూలం దాకా వేయించేవాణ్ని. రంగు ఎక్కడైనా ఆగాల్సిందే, దూలం దగ్గర ఆగితే కంటికి తెలియదు.

డబ్బా దాచే విషయంలో ఒకసారి దెబ్బతిన్నాను. మొదట డాబా మీది రేకుల గదిలో పెట్టాను. మే నెల మిర్యాలగూడ ఎండకు ఆ గదిలో మనిషే నిలవలేడు. జూన్‌లో మూత తీస్తే పైన తోలు కట్టి, కింద గడ్డలు. చీరముక్కలో వడగడితే సగం దక్కింది. దాన్ని మూత గట్టిగా పట్టే చిన్న సీసాలో నిండుగా పోసి మెట్ల కింద పెట్టాను, అప్పటి నుంచి బాగానే ఉంది.

అది సరిపోదేమోనని 2024లో షాపువాళ్లు మొదట్లో ఇచ్చిన రంగు లెక్క చీటీ చూపించి ఇంకో లీటరు కలిపించాను. అదే షాపు, అదే లెక్క, అదే మెషీన్. వెంట్రుకవాసి తేడా వచ్చింది. పాతదీ కొత్తదీ ఒకే బకెట్లో కలిపితే సర్దుకుంది. చీటీ మీద అక్షరాలు ఎండకు ఎగిరిపోయే రకం, అందుకని ఫోన్‌లో ఫోటో తీసి, కాగితం మీద పెన్నుతో రాసి మెయిన్ బోర్డు తలుపు లోపలి వైపు అతికించాను. కొన్న తేదీ, గది పేరు, ఎంత తుడిచాక కొలిచామో కూడా రాశాను.

ఐదుకు ఎంత అంటే, పగటి వెలుతురులో మూడున్నర ఇస్తాను, ఎల్ఈడీ కింద రెండున్నర. రెడీమేడ్ తెలుపుకైతే సున్నా. కిటికీకి ఎదురుగా, మంచం మీది నుంచి కనబడే చోట చాటంత మచ్చ ఉన్నవాళ్లు దీని జోలికి పోకుండా నేరుగా మొత్తం సీలింగ్ వేయించుకోండి. మా హాలు పన్నెండు బై పద్నాలుగు, రెండు లీటర్ల లెక్క చెప్పాడు పెయింటరు. వచ్చే ఎండాకాలం వేయించాలని అమ్మ పట్టు. ఈసారి నీలం చుక్కలు వేయకుండా బకెట్ దగ్గర తానే కూర్చుంటానంటోంది.