ఎంబీఏనా, ఎంహెచ్ఏనా, అమెరికానా: ఆసుపత్రి ఉద్యోగానికి ఏది మేలు?

జూన్ వస్తే నాకు ఫోన్లు మొదలవుతాయి. ఈసారి ఒక్క వారంలోనే నాలుగు. ఒంగోలు నుంచి మా అక్క కూతురు, ఫిజియోథెరపీ ముగించింది. పొదిలి నుంచి ఒక మాస్టారు, కొడుకుది బీఫార్మసీ. కావలి నుంచి బీడీఎస్ చదివిన అమ్మాయి, సొంత క్లినిక్ పెట్టుకునే స్తోమత లేదు. నాలుగోవాడు మా బుచ్చిరెడ్డిపాళెం కుర్రాడు, వీడు కన్సల్టెన్సీకి అడ్వాన్సు కట్టేసి ఆ తర్వాత నన్ను అడిగాడు. "అన్నా, హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్‌లో మాస్టర్స్ చేద్దామనుకుంటా ఉండా, ఎట్టా చేస్తే మంచిదంటావ్?" నలుగురికీ తలా గంట చెప్పేసరికి గొంతు పోయింది. అందుకే ఒకచోట రాసి పెడుతున్నా, ఇకమీదట ఎవరడిగినా ఇదే పంపిస్తా.

నేనెవర్ని చెప్పడానికి అంటే, బీఫార్మసీ తర్వాత పొగతోటలో ఒక నర్సింగ్ హోమ్ కౌంటర్లో ఏడాదిన్నర కూర్చున్నా, చెన్నైలో హాస్పిటల్ మేనేజ్‌మెంట్ చదివా, ఇప్పుడు నెల్లూరులోనే ఒక ఆసుపత్రిలో ఆపరేషన్స్, అంటే రోజువారీ నిర్వహణ, చూస్తున్నా. ఏటా ఇంటర్న్‌లు నా దగ్గరికే వస్తారు, ఫ్రెషర్ల ఇంటర్వ్యూల్లోనూ కూర్చుంటా.

ఈ కోర్సులంటే ఏమిటో ఒక్క ముక్కలో చెప్తా, ఎంహెచ్ఏ అంటే మాస్టర్ ఆఫ్ హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్, మొత్తం ఆసుపత్రి నిర్వహణ మీదే, ఎంబీఏలో అయితే అది ఒక స్పెషలైజేషన్. కానీ ఎంబీఏ హాస్పిటల్ మేనేజ్‌మెంట్, ఎంహెచ్ఏ సిలబస్‌లు పక్కపక్కన పెట్టుకుని చూశారా ఎప్పుడైనా? చాలావరకు ఒకేలా ఉంటాయి. అకౌంట్స్, హెచ్ఆర్, మార్కెటింగ్, స్టాటిస్టిక్స్, అవే పేపర్లు. నా మటుకు నాకు తేడా తేలేది ఇంటర్న్‌షిప్ దగ్గర. ఆ రెండేళ్లలో మిమ్మల్ని ఆసుపత్రిలో ఎన్ని రోజులు ఉంచుతారు, ఏ బల్ల దగ్గర కూర్చోబెడతారు, మీ చేతికి ఏ ఫైలు ఇస్తారు, నేను చూసేది ఇదే.

ముందు ఎంబీఏ సంగతి. ఐసెట్ రాసి మన పక్కనే ఏదో ఒక కాలేజీలో చేరి, రెండో ఏడు హాస్పిటల్ స్పెషలైజేషన్ తీసుకోవడం మనవాళ్లు ఎక్కువగా చేసే పని. ఖర్చు తక్కువ, ఇంటి భోజనం. ఇంకో పెద్ద లాభం ఉంది, ఆసుపత్రి మీద మనసు విరిగితే బయటపడే దారి ఉంటుంది, ఇన్సూరెన్స్ కంపెనీకో ఫార్మాకో బ్యాంకుకో పోవచ్చు. ఇది చిన్న విషయం కాదు, ఎందుకంటే మా ఉద్యోగంలో ఆదివారం లేదు, పండగ లేదు. రొట్టెల పండగకు ఊరంతా స్వర్ణాల చెరువు దగ్గరుంటే మేము ఎమర్జెన్సీకి అదనపు డ్యూటీలు వేసుకుంటూ కూర్చుంటాం. ఇది మనకు పడదు అని ముందే అనిపిస్తే ఎంబీఏకే పొండి, ఇంకేం ఆలోచించొద్దు.

మరి ఇబ్బంది ఎక్కడంటే, మామూలు ఎంబీఏలో ఆసుపత్రి మొహం చూసేది నెలా నెలన్నర ప్రాజెక్టులోనే. అది కూడా తెలిసిన డాక్టరు గారి లెటర్‌హెడ్ మీద సర్టిఫికెట్ తెచ్చుకుని కానిచ్చేసినవాళ్లు నా ముందు చాలామందే కూర్చున్నారు. పేషెంట్ల సంతృప్తి మీద స్టడీ అని ఉంటుంది, వందమందిని అడిగామని ఉంటుంది, ఏ వార్డులో అడిగావు నాయనా అంటే నేల చూపులు. అందరూ అట్టా ఉంటారని కాదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హెల్త్‌కేర్ అండ్ హాస్పిటల్ మేనేజ్‌మెంట్ అని విడిగా ఎంబీఏ ఉంది, పేరులో ఎంబీఏ ఉంది కదా అని దాన్ని తెచ్చి ఈ గాటన కట్టకండి.

ఇక ఎంహెచ్ఏ, లేదా అదే పనికి వేరే పేరున్న కోర్సులు. ముంబైలో టిస్, మణిపాల్, జైపూర్‌లో ఐఐహెచ్ఎంఆర్, హైదరాబాద్‌లో నిమ్స్, జూబ్లీహిల్స్ అపోలో వాళ్ల కాలేజీ, చెన్నై పోరూరులో శ్రీరామచంద్ర. నెల్లూరువాళ్లకు చెన్నై అంటే పరాయి ఊరు కాదు, పొద్దున పినాకినీ ఎక్కితే మధ్యాహ్నం భోజనానికి అక్కడుంటాం. (వార్డుల్లో తమిళం రావాలి, అది మూడు నెలల్లో వచ్చేస్తుంది, భయపడాల్సిన పని లేదు.) ఈ లిస్టులో నాకు నచ్చేవి సొంత ఆసుపత్రి ఉన్న కాలేజీలు. తరగతి గది నుంచి మెట్లు దిగితే ఓపీ కనిపించాలి. ఎందుకో ఒక ఉదాహరణ చెప్తా.

పోయిన ఏడాది ఉదయగిరి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, మోకీలు మార్పిడి, ఇన్సూరెన్స్ కేసు. పొద్దున తొమ్మిదిన్నర రౌండ్స్‌లో సర్జన్ ఇవాళ పంపించేద్దాం అన్నారు. కొడుకు వెంటనే కారు మాట్లాడేసుకున్నాడు. సాయంత్రం నాలుగైనా పెద్దాయన మంచం మీదే ఉన్నాడు, కింద కారు డ్రైవరు వెయిటింగ్ లెక్క చెప్తున్నాడు, పైన కొడుకు బిల్లింగ్ కౌంటర్ ముందు అరుస్తున్నాడు. ఆ రోజు నా దగ్గర ఇద్దరు ఇంటర్న్‌లు ఉన్నారు, ఒకరు ఎంబీఏ, ఒకరు ఎంహెచ్ఏ. డిశ్చార్జ్ ఆలస్యం ఎందుకవుతోందో కనుక్కోండి అని ఇద్దరికీ అదే పని ఇచ్చా.

ఎంబీఏ అబ్బాయి రెండు రోజుల్లో పద్దెనిమిది స్లైడ్లు చేశాడు. కారణాలను ముళ్లలా గీసి చూపే చేపముల్లు బొమ్మ, మనుషులు, పద్ధతులు, యంత్రాలు అని కొమ్మలు, రంగులు. బాగుంది, నిజంగానే బాగుంది, మా డైరెక్టరు మెచ్చుకున్నాడు. ఎంహెచ్ఏ అమ్మాయి మాత్రం ఫైలు వెనకాలే నడిచింది. ఆ పెద్దాయనకు వాడకుండా మిగిలిన ఇంజెక్షన్లు ఫార్మసీకి వాపసు పోకుండా పన్నెండు దాకా వార్డులోనే ఉన్నాయి, అవి పోనిదే బిల్లు మూయలేరు. డిశ్చార్జ్ సమ్మరీ రాయాల్సిన డ్యూటీ డాక్టరు ఇంకో కేసులో థియేటర్లో ఉన్నాడు. అన్నీ అయ్యి ఇన్సూరెన్స్ వాళ్లకు పంపితే ఇంప్లాంట్ స్టిక్కరు ఎక్కడ అని ప్రశ్న వచ్చింది. మోకీలులో పెట్టిన పరికరం డబ్బా మీద ఉండే స్టిక్కరు అది, కేస్ షీట్‌లో అతికించాలి. అతికించారు, కానీ స్కాన్ చేసినవాడు ఆ పేజీ వదిలేశాడు. ఇదంతా ఆ అమ్మాయి ఒక పాత డైరీ పేజీలో, టైములతో సహా, పెన్నుతో రాసి తెచ్చింది.

2024లో ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ ఒక నిబంధన పెట్టింది, ఆసుపత్రి నుంచి డిశ్చార్జ్ రిక్వెస్టు అందాక మూడు గంటల్లో ఇన్సూరెన్స్ కంపెనీ ఫైనల్ ఆమోదం ఇవ్వాలి, లేటయితే అందువల్ల పడే అదనపు బిల్లు కంపెనీదే. జనం ఇది పేపర్లో చదివి మా మీద ఎగురుతారు. కానీ ఆ మూడు గంటలు మొదలయ్యేది మనం రిక్వెస్టు పంపాక. తొమ్మిదిన్నరకు డాక్టరు మాట అన్నాక, మనం పంపేదాకా పోయిన నాలుగు గంటలు ఏ రూల్లోనూ లేవు, అవి మన చేతిలోవి. అడ్మినిస్ట్రేషన్ అంటే ఆ నాలుగు గంటలే. దాన్ని పట్టుకోవడం స్లైడ్లతో రాదు, ఇరవై ముప్ఫై ఫైళ్ల వెంట తిరిగితే వస్తుంది, అట్టా తిరగనిచ్చే కోర్సు ఎంహెచ్ఏ.

ఆరోగ్యశ్రీ ఇంకో లోకం. 2007లో మొదలైంది, ఇప్పుడు కాగితం మీద ఎన్టీఆర్ వైద్య సేవ, మన పేషెంట్ల నోట ఇప్పటికీ ఆరోగ్యశ్రీయే. ప్యాకేజీ రేట్లు, ముందస్తు అనుమతి, క్లెయిమ్‌కు ఫొటోలు, బకాయిల కోసం ఎదురుచూపులు, ఇవేవీ ఏ కోర్సు పుస్తకంలోనూ సరిగ్గా ఉండవు. మన జిల్లాల్లో పని చేయాలంటే ఇది రాకుండా ఒక్క రోజు గడవదు. ఇంటర్న్‌షిప్‌లో ఆ డెస్కు దగ్గర ఒక నెల కూర్చోబెట్టే చోటు దొరికితే ఇంకేం చూడకుండా చేరిపోండి.

అయితే ఎంహెచ్ఏ అని బోర్డు పెట్టిన ప్రతిదీ బంగారం కాదు. నా ఇంటర్న్‌షిప్ మొదటి ఆరు వారాలు ఒక పెద్ద ఆసుపత్రిలో టోకెన్లు చించి ఇవ్వడంతో సరిపోయింది. జీతం లేని రిసెప్షనిస్టుని. అందుకే ఇప్పుడు ఎవరడిగినా ఒకటే చెప్తున్నా, కాలేజీకి వెళ్లి ప్లేస్‌మెంట్ బ్రోచర్ అడగొద్దు, సీనియర్ల లాగ్ బుక్ చూపించమనండి. బిల్లింగ్ ఎన్ని రోజులు, మెడికల్ రికార్డ్స్ ఎన్ని రోజులు, పరికరాలు స్టెరిలైజ్ చేసే సీఎస్ఎస్‌డీ, థియేటర్, స్టోర్స్, క్వాలిటీ డిపార్టుమెంటు ఎన్ని రోజులు, అన్నీ తేదీలతో అందులో ఉంటాయి, ఎవరి సంతకం ఉందో కూడా ఉంటుంది. చూపించడానికి నసిగితే లేచి వచ్చేయండి. ఆసుపత్రికి ఎన్ఏబీహెచ్ నాణ్యతా గుర్తింపు ఉందా అనీ అడగండి, ఆ అక్రెడిటేషన్ తనిఖీ జరిగే నెలల్లో గనక మీరు అక్కడ ఉంటే ఏడాది చదువు ఆ నెలలోనే అయిపోతుంది.

జీతం గురించి దాచి లాభం లేదు. నా మొదటి జీతం చేతికి పందొమ్మిది వేలు, అదే ఏడు మా బ్యాచ్‌లో సాఫ్ట్‌వేర్‌కు పోయినవాడు నాకు రెట్టింపు తెచ్చుకున్నాడు. మొదటి మూడేళ్లూ ఇట్టాగే ఉంటుంది, ఎంబీఏ అయినా ఎంహెచ్ఏ అయినా. ఆ తర్వాత పని తెలిసినవాడు వేగంగా పైకి పోతాడు, ఎందుకంటే ఈ పని తెలిసినవాళ్లు తక్కువ.

అమెరికా. మా బుచ్చి కుర్రాడికి కన్సల్టెన్సీవాడు ఎంహెచ్ఏ చెయ్, హెల్త్‌కేర్‌లో డిమాండ్ తగ్గదు అన్నాడు. డిమాండ్ మాట నిజమే. కానీ అక్కడ చదువు ముగిశాక పని చేసుకోవడానికి ఇచ్చే ఓపీటీ 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) కోర్సులకైతే ఇంకో 24 నెలలు కలుస్తుంది. మామూలు ఎంహెచ్ఏ ఆ స్టెమ్ లిస్టులోకి రాదు. హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ (ఆరోగ్య డేటా, కంప్యూటర్ పని) కోర్సుల్లో కొన్ని వస్తాయి, యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 కాగితం మీద ఏ కోడ్ పడుతుందో చూసుకోవాలి. అంటే నలభై లక్షలు దాటే లోన్ తీసుకుని, చదువయ్యాక ఒక్క ఏడాదిలో స్పాన్సర్ చేసే ఆసుపత్రిని వెతుక్కోవాలి, ఆ పని వీసా హెచ్-1బీ లాటరీలో ఏడాదికి 65 వేల వీసాలు, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకు ఇంకో 20 వేలు. 2025 సెప్టెంబరులో కొత్త పిటిషన్లకు లక్ష డాలర్ల ఫీజు అని ప్రకటన వచ్చిన దగ్గర్నుంచి వాళ్ల నాన్నకు నిద్ర లేదు. యూనివర్సిటీలకు అనుబంధంగా ఉండే లాభాపేక్ష లేని ఆసుపత్రులకు ఆ లాటరీ పరిమితి వర్తించదు, అదొక్కటి మంచి కిటికీ, కానీ అందులో దూరాలంటే చదివేటప్పుడే అక్కడ కాలు పెట్టి ఉండాలి. చేరితే, అక్కడ ఈ కోర్సులకు గుర్తింపు ఇచ్చే సంస్థ సీఏహెచ్ఎంఈ గుర్తింపు ఉన్న కోర్సులో చేరమనే చెప్పా.

ఒకవేళ వెనక్కి వస్తే? అక్కడి ప్రభుత్వ ఇన్సూరెన్సులు మెడికేర్, మెడికెయిడ్, పేషెంట్ల సమాచార గోప్యత చట్టం హిపా, అక్కడి బిల్లింగ్ కోడ్లు, ఇవన్నీ నేర్చుకుని వచ్చినవాడు మా ఆరోగ్యశ్రీ డెస్కు దగ్గర మళ్లీ అఆల నుంచి మొదలుపెట్టాలి. అక్కడే ఉండిపోవాలనుకునేవాళ్ల లెక్క వేరు, వాళ్లకు నేను అడ్డం చెప్పను. మనవాళ్లు వెళ్లి బాగా స్థిరపడినవాళ్లూ ఉన్నారు.

బీడీఎస్ అమ్మాయికి మాత్రం ఒక మాట విడిగా చెప్పా, ఫిజియో, ఫార్మసీ వాళ్లకూ ఇదే వర్తిస్తుంది. బోధనాసుపత్రిలో మెడికల్ సూపరింటెండెంట్ కుర్చీ ఎంబీబీఎస్ డాక్టర్లది, ఢిల్లీ ఎయిమ్స్‌లో హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ ఎండీ కూడా వాళ్లకే. మనం ఎంత చదివినా ఆ కుర్చీ రాదు. ఆపరేషన్స్ మేనేజరు, యూనిట్ హెడ్, సీఓఓ (చీఫ్ ఆపరేటింగ్ ఆఫీసర్) దాకా దారి ఉంది. ఇది ముందే తెలిసి వస్తే పదేళ్ల తర్వాత కడుపుమంట ఉండదు.

ఎంపీహెచ్ (పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్) గురించి కూడా అడిగారు. జిల్లా ఆరోగ్య కార్యక్రమాలు, సర్వేలు, ఎన్‌జీఓలు ఇష్టమైతే అది చేయండి, హైదరాబాద్‌లో ఐఐపీహెచ్ ఉంది. ఆసుపత్రి నడపడానికి కాదు. దూరవిద్యలో ఇగ్నో డిప్లొమా, హైదరాబాద్ ఆస్కీ డిప్లొమా ఉన్నాయి, ఇప్పటికే ఆసుపత్రిలో పని చేస్తున్నవాళ్లకు ప్రమోషన్‌కు పనికొస్తాయి, అంతే.

పొదిలి మాస్టారు అంతా విని, "బాబూ, ఇంతకీ మావాడు ముందు ఏం చెయ్యాలి?" అన్నారు. ముందు ఒంగోల్లోనో నెల్లూరులోనో ఏదో ఒక ఆసుపత్రి బిల్లింగ్‌లో ఒక ఏడాది పెట్టండి మాస్టారూ, పన్నెండు వేలిచ్చినా సరే, అన్నా. ఆయనకు నచ్చలేదు, ఏడాది వృథా కదా అన్నారు. నేను అట్టా వృథా చేసుకునే వచ్చా.

మా మేనకోడలు చెన్నైలో సీటు తీసుకుంది, ఆసుపత్రి ఉన్న కాలేజీయే. చేరకముందే అక్కడి సీనియర్‌ను పట్టుకుని లాగ్ బుక్ ఫొటోలు వాట్సాప్‌లో పంపింది, "మామా, బిల్లింగ్ ఇరవై రెండు రోజులుంది, చాలా?" అని. చాలదు, కానీ నేను చూసిన వాటిల్లో అదే ఎక్కువ. బుచ్చి కుర్రాడు అప్లికేషన్ హెల్త్ ఇన్ఫర్మాటిక్స్‌కు మార్చుకున్నాడు, అడ్వాన్సు మాత్రం వెనక్కి రాలేదు. మీ దగ్గర కూడా లాగ్ బుక్ ఫొటోలుంటే పంపండి, చూసి చెప్తా. ఫోన్ మాత్రం సాయంత్రం నాలుగు లోపల చేయొద్దు, అది డిశ్చార్జీల టైము.