రోటా మీద బతికేవాళ్లకి పార్క్‌రన్ ఎలా ఉంటుంది: ఓ నర్సు రివ్యూ

బర్మింగ్‌హామ్‌లో ఓ ఆసుపత్రి వార్డులో నర్సుని. లాంగ్ డే అంటే పొద్దున ఏడున్నరకి ఎక్కి రాత్రి ఎనిమిదికి దిగడం. నైట్ అంటే దానికి తిరగేత. మా రోటా, అంటే డ్యూటీల పట్టిక, మూడు వారాలు మూడేసి షిఫ్టులు, నాలుగో వారం నాలుగు. ఇంట్లో ఎనిమిదేళ్ల బాబు, వాడి స్కూలు, వంట, మా ఆయన ఉద్యోగం. ఇన్నిటి మధ్య నా పరుగు ఆగిపోకుండా నిలబెట్టింది పార్క్‌రన్. ఇక్కడ ఆసుపత్రుల్లో, కేర్ హోముల్లో, వేర్‌హౌసుల్లో షిఫ్టులు చేసే తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లకి పనికొస్తుందని కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు అసలు సంగతి. పార్క్‌రన్ అంటే, ఇంగ్లండ్‌లో ప్రతి శనివారం పొద్దున తొమ్మిదికి పార్కులో 5 కిలోమీటర్ల పరుగు. డబ్బులేమీ కట్టక్కర్లేదు. వెబ్‌సైటులో ఒక్కసారి పేరు నమోదు చేసుకుంటే బార్‌కోడ్ ఇస్తారు, ఏ ఊళ్లో పార్క్‌రన్‌కి వెళ్లినా అదే చెల్లుతుంది. 2004 అక్టోబరులో లండన్ బుషీ పార్కులో పాల్ సింటన్-హెవిట్ మొదలుపెట్టిన రోజు పరిగెత్తింది 13 మంది. ఇప్పుడు 20కి పైగా దేశాల్లో జరుగుతోంది. దారి చూపించేవాళ్లు, టైము చూసేవాళ్లు, బార్‌కోడ్ స్కాన్ చేసేవాళ్లు అందరూ వాలంటీర్లే. చివర్లో టెయిల్ వాకర్ అని ఒకరు నడుస్తారు. అందరి వెనక ఉండడమే వాళ్ల పని, కాబట్టి ఎంత మెల్లగా వెళ్లినా ఆఖరి మనిషి మనం కాము. మొత్తం నడిచినా ఎవరూ ఏమీ అనరు.

నేను వెళ్లేది కానన్ హిల్ పార్కు. ఎడ్జ్‌బాస్టన్ క్రికెట్ స్టేడియం ఎదురుగానే ఉంటుంది, పక్కన రే (Rea) అనే చిన్న ఏరు పారుతుంది. వందల మంది వస్తారు. హిజాబ్‌తో పరిగెత్తే అమ్మాయిలు, తలపాగా సర్దార్జీలు, ప్రామ్ తోసుకుంటూ వచ్చే తల్లులు, డెబ్బై దాటిన పెద్దవాళ్లు. పరుగు అంటే సన్నగా పొడుగ్గా ఉన్న తెల్లవాళ్లదే అనే బెరుకు ఉన్నవాళ్లు ఒక్కసారి ఈ పార్కుకి రండి.

షిఫ్టు మనిషికి ఇది ఎందుకు పడుతుందో చెబుతాను. ట్రైనింగ్ ప్లాన్లు మంగళవారం స్పీడు, గురువారం టెంపో, ఆదివారం లాంగ్ రన్ అంటాయి. మాకు ఒక వారం మంగళవారం అంటే వార్డు, ఇంకో వారం మంగళవారం అంటే కర్టెన్లు మూసుకుని పగటి నిద్ర. రెండు వారాలయ్యేసరికి ప్లాన్ మన చేతిలో ఉండదు. యాపుల్లో రోజూ చేస్తే పెరిగే లెక్కలు కూడా అంతే, వరసగా మూడు నైట్లు పడ్డాయంటే మళ్లీ సున్నా. పార్క్‌రన్‌లో మనం ఎన్నిసార్లు పరిగెత్తామన్న లెక్క పెరగడమే కానీ తగ్గడం ఉండదు. నెల రోజులు వెళ్లకపోయినా మన అంకె అక్కడే ఉంటుంది. 25, 50, 100 ఇలా ఒక్కో మైలురాయి, ఎప్పటికి చేరినా చేరినట్టే. వాలంటీరుగా చేసిన రోజులకి విడిగా ఇంకో లెక్క. వారమంతా నిలబడి నిలబడి కాళ్లు లాగేస్తుంటే నేను స్కానర్ పట్టుకుని నిలబడే పని తీసుకుంటాను. ఆ రోజు పరిగెత్తకపోయినా పరుగు మనుషుల మధ్యే ఉంటాను, తర్వాతి వారం బయల్దేరడం అంత బరువనిపించదు. డ్యూటీ దిగేసరికి ఉత్సాహం మిగలదు, అది వచ్చాక వెళ్దాం అనుకుంటే ఎప్పటికీ వెళ్లం. వేళ, చోటు ఖాయమై, అక్కడ మనుషులు ఉంటే నా కాళ్లు కదులుతాయి.

ఇంకొకటి, వెలుతురు. డిసెంబరులో ఇక్కడ ఎనిమిది దాటితేగానీ తెల్లారదు, నాలుగు కాకముందే చీకటి. లాంగ్ డే చేసిన రోజు చీకట్లో వెళ్లి చీకట్లో వస్తాం, ఎండ ముఖం చూడం. గుంటూరు ఎండల్లో పెరిగిన ఒంటికి ఇది మామూలు కష్టం కాదు. శనివారం తొమ్మిదింటికి ఆ చెట్ల కింద అరగంట తిరిగితే ఆ రాత్రి నిద్ర వేరుగా ఉంటుంది. చలికాలంలో ఈ ఒక్కదాని కోసమైనా నేను వెళ్తాను.

ఇబ్బంది ఒక్కటే, మామూలుగా శనివారం తప్ప ఇంకో రోజు ఉండదు. రోటాలో శనివారాలు వరసగా పడితే ఏమీ చేయలేం. నేను చేసేది ఏంటంటే, రోటా రాకముందే నెలకి ఒక శనివారం ఆఫ్ అడిగి పెట్టుకుంటాను. మా వార్డులో మలయాళీ అమ్మాయిలకి చర్చి కోసం ఆదివారం కావాలి. వాళ్ల ఆదివారం నేను చేస్తాను, నా శనివారం వాళ్లు చేస్తారు. పైగా శనివారం వెంకన్న వారం. పరుగు అయ్యాక ఇంటికొచ్చి తలస్నానం చేసి, ముగ్గురం ఊరికి దగ్గర్లోనే ఉన్న టివిడేల్ బాలాజీ గుడికి వెళ్తాం.

మా వార్డులో కొత్తగా చేరిన విజయవాడ అమ్మాయి అడిగింది, "అక్కా, శుక్రవారం నైట్ దిగి అట్నుంచటే వెళ్లిపోవచ్చా?" అని. ఎనిమిదికి తర్వాతి షిఫ్టువాళ్లకి అప్పగింత (హ్యాండోవర్) అయితే తొమ్మిదికి అందుకోవచ్చు, నిజమే. కానీ వద్దన్నాను. రాత్రంతా మేలుకున్నాక కారు నడపడమే ప్రమాదం, దాని మీద పరుగు కూడానా. ఇంటికెళ్లి పడుకోమ్మా అన్నాను. నైట్ల వారంలో పరిగెత్తాలంటే సాయంత్రం నిద్ర లేచాక ఇంటి చుట్టూ ఇరవై నిమిషాలు, తర్వాత స్నానం, అన్నం, డ్యూటీ. నాకు కుదిరింది అదే.

పిల్లలున్నవాళ్లకి: 11 ఏళ్ల లోపు వాళ్లు పెద్దవాళ్లకి చేయి అందేంత దూరంలోనే పరిగెత్తాలి. అందుకని మా బాబుతో ఒకసారి నేను, ఒకసారి మా ఆయన. ఆదివారం జూనియర్ పార్క్‌రన్ ఉంటుంది, 4 నుంచి 14 ఏళ్ల వాళ్లకి 2 కిలోమీటర్లు. శనివారాలు కుదరనివాళ్లు అక్కడ వాలంటీరుగా చేరొచ్చు, పిల్లలతో ఉన్నట్టూ ఉంటుంది.

బార్‌కోడ్ మాత్రం మర్చిపోవద్దు, అది లేకపోతే ఆ రోజు టైము రాయరు. ఫోన్లో చూపించినా సరిపోతుంది కానీ వానలో తడిసిన వేళ్లకి స్క్రీన్ పలకదు. నేను కాగితం మీద ప్రింట్ తీసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఐడీ కార్డుతో పాటు డ్యూటీ బ్యాగులోనే ఉంచుతాను.