రాజోలు దాటాక ఒక భోజనశాల: వంటకు వంక లేదు, రెండో ప్రశ్నకే అభ్యంతరం

రాజోలు నుంచి సఖినేటిపల్లి రేవుకు వెళ్ళే దారిలో, పాత పెంకుటింటి వసారాను భోజనశాలగా మార్చి ఒక కుటుంబం నడుపుతున్న ఈ చోట అరటాకులో పెట్టే మధ్యాహ్న భోజనం కోనసీమలో నేను తిన్నవాటిలో మేలైనది. పేరు రాయడం లేదు. నేను ఎత్తి చూపబోయే లోపం ఆ ఒక్క ఇంటిది కాదు కాబట్టి, వారిని మాత్రమే నలుగురిలో నిలబెట్టడం నాకు ఇష్టం లేదు.

కందా బచ్చలి కూరలో ఆవ ఘాటు ముక్కుకు తగిలింది. కంద చిదిరిపోకుండానే మెత్తగా ఉడికింది. ముద్దపప్పు, ఆవకాయ, కాచిన నెయ్యి అడగకుండానే మారు వడ్డించారు. చేపల పులుసు ముందురోజు రాత్రి కాచినదని వారే చెప్పారు, పులుపు ముక్కకు పట్టిన తీరు చూస్తే ఆ సంగతి చెప్పకపోయినా తెలిసేది. శుభ్రత విషయంలోనూ పేరు పెట్టడానికి లేదు.

వడ్డన మొదలుపెట్టే ముందు ఇంటి పెద్దావిడ ప్రతి ఆకు దగ్గరా ఆగి, "మీదే ఊరండీ?" అని అడుగుతారు. ముక్కూ మొహం తెలియని మనిషిని ఇలా అడగడం అమర్యాద అని ఈమధ్య చాలామంది అంటున్నారు. నేను ఒప్పుకోను. మా పక్కన కూర్చున్నాయన గుంటూరు అనగానే ఆవిడ, "అయితే మా కూరలు మీకు చప్పగా ఉంటాయండి, ఉండండి" అంటూ లోపలికి వెళ్ళి వేయించిన ఊరమిరపకాయలు తెచ్చి ఆకు అంచున పెట్టారు. నరసాపురం నుంచి వచ్చిన దంపతులతో, "ఆయ్, మా చిన్నమ్మాయిని అక్కడే ఇచ్చామండి" అని మొదలుపెట్టి వీధి గుర్తులు, డాక్టరుగారి పేరు, చేపల ధర దాకా మాట్లాడారు. గోదావరి పాయల మధ్య రేవులు దాటుకుంటూ బతికిన ఈ సీమలో, పంటు అవతలి ఒడ్డుకు చేరేలోగా పక్కవారి ఊరు కనుక్కోవడం, ఆ ఊళ్ళో తమకు తెలిసినవారి క్షేమం అడగడం మామూలు విషయం. అక్కడ అడిగినవారు తమ ఊరూ చెబుతారు, తమ సంగతీ చెబుతారు. ఇచ్చిపుచ్చుకోవడం ఉన్నంతవరకు ఆ ప్రశ్నలో నాకు ఆప్యాయతే కనిపిస్తుంది.

కౌంటరు దగ్గర జరిగింది వేరు. నాతో వచ్చిన స్నేహితుడు ముమ్మిడివరం వైపు ఒక ఊరి పేరు చెప్పాడు. డబ్బు తీసుకుంటున్న యజమాని అంతటితో ఆగకుండా, "ఊళ్ళో ఎటుపక్కండి? రామాలయం వీధా, పేటా?" అని అడిగారు. చిల్లర కోసం చాచిన చెయ్యి నా స్నేహితుడు సగంలోనే ఆపేశాడు. "బ్యాంకు పక్కనండి" అన్నాడు. "ఇంటిపేరేంటండి?" అని వెంటనే ఇంకో ప్రశ్న వచ్చింది. గొంతులో కరుకుదనం లేదు, "అండి" ఎక్కడా తప్పిపోలేదు. కానీ మా పల్లెల్లో ఇళ్ళు కులాల వారీగా వీధులుగా, పేటలుగా విడిపోయి ఉంటాయని తెలిసినవారెవరికైనా ఆ అడిగింది ఊరి గురించి కాదని అర్థమవుతుంది. హోటళ్ళలో తమకు వేరే గ్లాసు పెట్టిన రోజులు చూసిన పెద్దలు ఆ పేటల్లో ఇంకా ఉన్నారు. అప్పుడే అన్నం తిని లేచిన మనిషిని అన్నం పెట్టినచోటే ఆ ప్రశ్న అడగడం ఎంత బరువైనదో అడిగేవారు ఆలోచించాలి.

1950 నుంచి అమల్లో ఉన్న మన రాజ్యాంగంలోని 15వ అధికరణం రెండో క్లాజు, మతం, జాతి, కులం, లింగం, పుట్టిన ప్రదేశం అన్న కారణాలతో మాత్రమే ఏ పౌరుణ్ణీ దుకాణాల్లోకి, హోటళ్ళలోకి రానివ్వకుండా ఆంక్ష పెట్టరాదని చెబుతుంది. ఇక్కడ ఎవరినీ ఆపలేదు, ఆకూ తేడాగా వేయలేదు. ఆ మేరకు యజమానిని తప్పుపట్టను. అయితే పుట్టిన ఊరినీ కులాన్నీ ఒకే వాక్యంలో ఎందుకు చేర్చవలసి వచ్చిందో ఆ కౌంటరు దగ్గర నిలబడితే తెలుస్తుంది.

భోజనానికి వచ్చేవారి గురించీ ఒక మాట చెప్పాలి. వడ్డించే కుర్రాడు ఒడిశాలోని గంజాం వైపు నుంచి వచ్చాడు, తెలుగు చక్కగా మాట్లాడతాడు. "ఏరా, నీదే ఊరు? బీహారా?" అని ఒకాయన ఆకు మీంచి తల ఎత్తకుండానే అడిగాడు. ఆ కుర్రాడు తిరిగి "మీదే ఊరండీ?" అని అడగగలిగే వీలే లేదు. పెద్దావిడ మాత్రం అతన్ని పేరు పెట్టి పిలుస్తారు.

బయటికి వచ్చేముందు యజమానిని పక్కకు పిలిచి సంగతి చెప్పాను. "అలవాటండి, ఊరికే అడిగాను" అన్నారు. దురుద్దేశం లేదనే నమ్ముతాను. అలవాటు కాబట్టే మానుకోమని కోరుతున్నాను. వాళ్ళమ్మగారు అడిగే ప్రశ్న దగ్గరే ఆయనా ఆగితే చాలు.

ఒంటిగంటలోపు వెళ్ళినవారికే చేపల పులుసు దొరుకుతుంది. అంతర్వేది తీర్థం రోజుల్లో రద్దీ ఎక్కువ, ముందుగా ఫోన్ చేయడం మంచిది. నేను మళ్ళీ వెళ్తాను. కౌంటరు దగ్గర ఆ రెండో ప్రశ్న మానేశారని తెలిసేదాకా నా స్నేహితుణ్ణి మాత్రం రమ్మని అడగను.