దెబ్బ మానింది, డ్యూటీ అంటే భయం: సైకియాట్రిస్టా, కౌన్సిలింగా, తోటి కార్మికుడా?

"కట్టు విప్పేశారు, ఎక్స్‌రే బాగుంది. అయినా పనిలోకి వెళ్లనంటున్నారండీ. ఎవరికి చూపించమంటారు?" విశాఖపట్నం గాజువాకలో ఫిజియోథెరపీ చేసే నన్ను భార్యలు, తమ్ముళ్లు, ఒక్కోసారి మేస్త్రీలు కూడా అడిగే ప్రశ్న ఇది. స్టీల్ ప్లాంటు కాంట్రాక్టు లేబరు, షిప్‌యార్డు వెల్డర్లు, పరవాడ ఫార్మా కంపెనీల ఆపరేటర్లు... మనిషి మారతాడు గానీ ప్రశ్న మారదు. అందుకే ఒకసారి రాసి పెడుతున్నాను.

మందులు రాసే సైకియాట్రిస్టు సంగతి ముందు తేల్చేద్దాం. నిద్రలో ఉలిక్కిపడి లేస్తున్నా, ప్రమాదం పదేపదే కళ్లముందు కదులుతున్నా, తాగుడు పెరిగినా, "నేను బతికి ఏం లాభం" అన్న మాట ఒక్కసారి నోట వచ్చినా ఇక బేరీజు వేసుకుంటూ కూర్చోవద్దు, అక్కడికే వెళ్లండి. వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. దాని పేరెత్తితే చుట్టాలు ఏమనుకుంటారో అని నెలలు గడిపేసేవాళ్లున్నారు. చుట్టాలు వచ్చి ఇంటి అద్దె కట్టరు కదా! అయితే మాత్రలతో నిద్ర పడుతుంది, కంగారు తగ్గుతుంది. మళ్లీ ఆ పరంజా ఎక్కించడం మాత్రం మాత్రల వల్ల కాదు.

అక్కడే కౌన్సిలింగ్ చేసే సైకాలజిస్టు అవసరం. నా మొగ్గు ఇటే, కారణం చెబుతాను. దెబ్బ తగిలినవాడికి నొప్పి వచ్చిందంటే లోపల మళ్లీ ఏదో పాడైందనిపిస్తుంది. అందుకని కదలడు. కదలకపోతే కండ బలహీనపడుతుంది, కాస్త నడిచినా నొప్పి ఎక్కువవుతుంది, భయం ఇంకా పెరుగుతుంది. నా టేబుల్ మీద భుజం పూర్తిగా పైకి లేపగలిగిన రిగ్గరే (క్రేన్‌కు బరువులు కట్టేవాడు), క్రేన్ పేరు చెప్పగానే చెయ్యి బిగబట్టేస్తాడు. ఆ ముడి వ్యాయామంతో వీడదు. మంచి సైకాలజిస్టు దాన్ని మెట్లుగా విడదీస్తారు. మొదట గేటు దాకా వెళ్లి రావడం, ఇంకో రోజు క్యాంటీన్‌లో టీ తాగి రావడం, ఆ తర్వాత పక్కన నిలబడి పని చూడటం, చివరికి నేల మీద చేసే పని. ఒక్కో మెట్టు దగ్గర భయం కాస్త దిగేదాకా ఆగి, అప్పుడే పైమెట్టు.

ఇక్కడ అసలు తేడా ఫీజులోనో డిగ్రీలోనో లేదు. వాళ్లు పని గురించి మాట్లాడతారా లేదా అన్నదే నాకు ముఖ్యం. చిన్నప్పటి సంగతులు, శ్వాస మీద ధ్యాస, "పాజిటివ్‌గా ఆలోచించండి" దగ్గరే ఆగిపోయే సిట్టింగులతో మనిషికి హాయిగా ఉంటుంది, డ్యూటీకి మాత్రం వెళ్లడు. నెదర్లాండ్స్‌లో 2012లో వచ్చిన ఒక అధ్యయనంలో, డిప్రెషన్, ఆందోళన లాంటి సమస్యలతో సెలవులో ఉన్నవాళ్లలో పనిని కూడా చర్చలోకి తెచ్చిన చికిత్స తీసుకున్నవారు, మామూలు చికిత్స తీసుకున్నవారికంటే 65 రోజులు ముందుగా పూర్తిస్థాయి పనిలో చేరారు. వాళ్లు గాయపడిన కార్మికులు కారు. అయినా నా దగ్గర కనిపించేది కూడా ఇదే.

తోటి కార్మికుడి మాటకున్న బలం ఎవరి మాటకీ లేదు. అదే దెబ్బ తిని, అదే షెడ్డులో మళ్లీ నిలబడినవాడు ఇంటికొచ్చి గంట కూర్చుంటే మనిషి మొహం తేటపడుతుంది. కానీ ఎవరిని పిలుస్తున్నారో చూసుకోండి. "నాకింకా లాగుతూనే ఉందిరా, పరిహారం తేలేదాకా కదలకు" అనేవాడు వస్తే, నెల రోజుల పని ఒక్క పూటలో పోతుంది.

డబ్బు మాటెలాగూ వస్తుంది. డ్యూటీలో దెబ్బ తగిలితే, పని చేయలేరని డాక్టరు రాసినన్నాళ్లూ ఈఎస్ఐ (కార్మికుల బీమా) జీతంలో 90 శాతం దాకా ఇస్తుంది. దాంతో "డబ్బులొస్తున్నాయిగా, అందుకే కూర్చున్నాడు" అనేస్తారు. నేను ఒప్పుకోను. ఎక్కువమందికి ఉండే టెన్షన్ వేరు. ఫిట్ అని రాసిచ్చాక పని చేయలేకపోతే కాంట్రాక్టరు తీసేస్తాడేమోనని. డాక్టరు చేత "ఎత్తున పని వద్దు, నేల మీద పని చేయవచ్చు" అని స్పష్టంగా రాయించుకుని, సూపర్‌వైజరుతో ముందే మాట్లాడుకుంటే ఆ భయం సగం తగ్గుతుంది.

మిగతావి రెండు ముక్కల్లో. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉచితం, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు. రాత్రిపూట ఎటూ పాలుపోనప్పుడు అక్కరకొస్తుంది, వారం వారం సిట్టింగులకు బదులు కాదు. ప్రమాదం జరిగిన వెంటనే అందరినీ హాల్లో కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పించే కార్యక్రమాలొద్దు, ప్రపంచ ఆరోగ్య సంస్థే వాటిని సిఫారసు చేయడం లేదు.

క్లినికల్ సైకాలజిస్టు అని బోర్డున్న చోట ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందేమో అడగండి, మొహమాటపడకండి. రెండో సిట్టింగు అయ్యేలోపు "మీరు చేసే పనేంటి, రోజూ ఏం ఎత్తుతారు, ఎక్కడ నిలబడతారు" అని అడగకపోతే ఇంకొకరిని చూసుకోండి.