పొద్దున్నే ఏడు నిమిషాల వాక్యం: ఎనిమిది నెలలు ఉన్నాక నా మాట

స్టార్లు ఇవ్వమంటే ఐదుకి నాలుగు. ఒకటి ఎందుకు కోశానో కింద చెప్తాను. ఇది బైబిల్ చదివే వాట్సాప్ గ్రూపు, దాని పేరు మాత్రం రాయడం లేదు, బయట పెట్టొద్దని అడ్మిన్ అక్క ముందే చెప్పింది. లోపలున్న వాళ్లెవరైనా చేర్చాలి తప్ప లింకు బయట తిరగదు.

నాది విశాఖలో కూర్మన్నపాలెం, ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. ఎ షిఫ్టు, అంటే పొద్దుటిది, పడిందంటే ఆ ఆదివారం ఆరాధన పోయినట్టే, సి షిఫ్టు, అంటే రాత్రిది, దిగి ఇంటికొచ్చేసరికి కళ్లు మూతలు పడుతుంటాయి, చర్చిలో కూర్చుని తూగేకంటే ఇంట్లో పడుకోవడమే మర్యాద. అలా ఎగ్గొడుతుంటే కనిపించిన ప్రతివాళ్లూ "ఏం బ్రదర్, ఈమధ్య కనబడట్లేదు" అనడం, నేను పళ్లికిలించడం. పోయిన జూన్‌లో మా వదిన నా ఫోను లాక్కుని ఈ వాట్సాప్ గ్రూపులో పడేసింది.

పొద్దున్న ఐదున్నరకి ఏడు నిమిషాల ఆడియో వస్తుంది. చదవాల్సింది రోజుకి మూడు అధ్యాయాలు, ఆదివారం ఐదు. బైబిల్ మొత్తం 1,189 అధ్యాయాలు కాబట్టి ఈ లెక్కన ఏడాదిలో అయిపోతుంది. గురువారం రాత్రి తొమ్మిదికి జూమ్. డబ్బు కట్టని జూమ్ కదా, 40 నిమిషాలకి దానంతటదే ఆగిపోతుంది, వాక్యం చెప్పే అయ్యగారు ఎంత ఊపులో ఉన్నా సరే ఆలోపు ఆమేన్ అనేయాలి. ఇంతకంటే మంచి ఏర్పాటు నేనెక్కడా చూడలేదు.

ప్రసంగాలే కావాలంటే యూట్యూబ్‌లో కొదవేముంది. నేను ఉండిపోయింది అందుకు కాదు. అక్క దగ్గర ఒక నోటు పుస్తకం ఉంది, ప్రార్థన అవసరతలు తేదీ వేసి అందులో రాసుకుంటుంది. అమ్మకి శుక్లాల ఆపరేషన్ అని ఒక లైను పెట్టి నేనైతే మర్చిపోయాను కూడా. నాలుగో రోజు ఫోను: "కట్టు విప్పారా తమ్ముడూ, చుక్కలు ఎవరేస్తున్నారు, నువ్వు డ్యూటీకెళ్తే?" ముఖం కూడా చూడని మనిషి. చేతులు జోడించిన బొమ్మలు పెట్టేవాళ్లు నాకు ఇంకో పది గ్రూపుల్లో ఉన్నారు, చుక్కల సంగతి అడిగినవాళ్లు లేరు.

ఇంకోటి, నోరు తెరవకుండా కూర్చోవచ్చు. మొదటి రెండు నెలలు నేను ఒక్క ముక్క రాయలేదు, ఎవరూ అడగలేదు. చర్చిలో అయితే మూడో వారానికే సాక్ష్యం చెప్పమంటారు. పైగా తెలియని మాట అడిగినా ఇక్కడ నవ్వరు. మనం చదివే పాత అనువాదంలో భాష గ్రాంథికం, చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చినా అర్థం తెలియనివి బోలెడు. ఉత్తరవాది అనే మాట ఉందే, నేను చాలాకాలం మన ఉత్తరాంధ్ర వైపు వాళ్లనుకున్నా! గ్రూపులో అడిగితే తెలిసింది, మన తరఫున వాదించేవాడట. ఆ రోజే రిటైరైన ఒక మాస్టారు ఇంకో సంగతి చెప్పారు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ నుంచి జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ వచ్చి తెలుగు నేర్చుకుని, సువార్తలు తెలుగులో పెట్టే పని మొదలుపెట్టింది మన విశాఖపట్నంలోనేనట. ఇన్నేళ్లు ఇక్కడే ఉండి నాకు తెలియదు.

ఇక కోసిన స్టారు. గుడ్ మార్నింగ్ పువ్వుల బొమ్మలు ఎంత చెప్పినా ఆగవు, అది సరే. ఒకాయన "విశ్వాసముంటే బీపీ మాత్రలు మానేయండి" అని ఆడియో పెట్టాడు, గంటలో తీసేశారు గానీ ఆ గంటలో ఎంతమంది విన్నారో. అసలు తప్పు అది కూడా కాదు. ఒక సిస్టర్ తన భర్త తాగుడు గురించి ప్రార్థించమని రాస్తే ఎవరో స్క్రీన్‌షాట్ తీశారు, ఆదివారానికల్లా వాళ్ల చర్చిలో అందరి నోటా అదే. ఆవిడ గ్రూపులోంచి వెళ్లిపోయింది, తీసినవాళ్లు ఎవరో తేలలేదు, బహుశా రోజూ ఆమేన్ పెడుతూ ఇంకా ఇక్కడే ఉన్నారు. ఇప్పుడు ఇంటి గొడవలు అక్కకి విడిగా రాయమంటున్నారు, ఆ నియమమేదో ముందే పెట్టాల్సింది. మీరు చేరితే మాత్రం పదిమంది వింటే ఇబ్బందిలేనిదే గ్రూపులో రాయండి.

డబ్బు అడగరు. క్యూఆర్ కోడ్ పెట్టిన ఒకాయన్ని అదే పూట తీసేశారు. చర్చికి బదులు అనుకుని రావొద్దు, నెల మొదటి ఆదివారం బల్లకి, అంటే ప్రభు రాత్రి భోజనానికి, నేను డ్యూటీ మార్చుకునైనా వెళ్తున్నాను, రొట్టె, ద్రాక్షారసం ఫోన్లో రావు కదా. షిఫ్టుల వాళ్లకి, మంచం మీదున్న పెద్దవాళ్లని వదిలి కదల్లేని ఆడవాళ్లకి అయితే చేరమని కళ్లు మూసుకుని చెప్తాను.

జనవరి ఒకటిన మళ్లీ ఆదికాండం నుంచి మొదలెట్టారు, లేవీయకాండం వచ్చేసరికి "చదివాను" అని టిక్కు పెట్టేవాళ్లు సగానికి సగం తగ్గారు. రేపటి నుంచి సంఖ్యాకాండం, మొదటి అధ్యాయమే జనాభా లెక్కలు. నేను సి షిఫ్టులో ఉన్నా, టీ టైములో చదవాలి.