రెండు నిమిషాల లూప్ కోసం మాంట్రియల్ దాకా

2023 వేసవిలో ఫాంటాసియా అనే ఫిల్మ్ ఫెస్టివల్‌కి కెనడాలోని మాంట్రియల్ వెళ్ళాం, నేనూ మా రూమ్మేట్. టొరంటో నుంచి ఇంచుమించు 540 కిలోమీటర్లు. ట్రైన్ అయితే హాయి కానీ శుక్రవారం టికెట్ రేటు చూసి బస్సెక్కేశాం, ఏసీ ఎంత పెట్టాడంటే జులైలో వణుక్కుంటూ కూర్చున్నాం, స్వెటర్ బ్యాగులో ఉంది, బ్యాగేమో బస్సు కింద డిక్కీలో ఉంది. ఆ డబ్బుల కక్కుర్తే రూమ్ విషయంలోనూ చేశాను. మెట్రోకి ఐదు నిమిషాల నడక అని రాశారు, మాకు ఇరవై పట్టింది, పైగా అక్కడి పాత ఇళ్ళకి మెట్లు బయట ఉంటాయి, ఇనుప మెట్లు, మెలికలు తిరిగి, ఫొటోల్లో భలే ఉంటాయి గానీ సూట్‌కేస్ పట్టుకుని మూడో అంతస్తుకి ఎక్కితే తెలుస్తుంది. లోపల ఏసీ లేదు, ఒక టేబుల్ ఫ్యాన్, అది కూడా నా వైపు తిరగట్లేదు.

"ఒరేయ్, ఏదో జపాన్ సినిమా కోసం ఇంత దూరం తీసుకొచ్చావ్, బాగోకపోతే నీ పని చెప్తా" అన్నాడు మావాడు.

సినిమా పేరు రివర్. డైరెక్టర్ జుంటా యమగుచి, రాసింది మకోటో ఉయెదా, క్యోటోలో యూరప్ కికాకు అని నాటకాల ట్రూప్ ఉంది, వాళ్ళదే. స్క్రీనింగ్‌లు కంకోర్డియా యూనివర్సిటీ థియేటర్లలో, గీ-కంకోర్డియా అనే మెట్రో స్టేషన్లో దిగితే పక్కనే. సీట్ నంబర్లు ఉండవు, క్యూలో ముందున్నోడిదే మంచి సీటు, కాబట్టి గంట ముందే వెళ్ళండి. లైట్లు ఆరగానే హాల్ మొత్తం "మ్యావ్... మ్యావ్" అని పిల్లి కూతలు! అది అక్కడి ఆనవాయితీ అని నేను విన్నాను గానీ మావాడికి చెప్పలేదు, బిత్తరపోయి నా వైపు చూశాడు, రెండో రోజుకి వాడే అందరికన్నా గట్టిగా కూస్తున్నాడు.

ఇక కథేంటంటే, క్యోటో దగ్గర కిబునే అనే కొండ ఊళ్ళో పాత సత్రం లాంటి హోటల్, వెనకాల ఏరు. అక్కడ పనిచేసే మికోతో అనే అమ్మాయి ఏటి ఒడ్డున నిలబడి లోపలికొస్తుంది, రెండు నిమిషాలు కాగానే మళ్ళీ ఏటి ఒడ్డునే ఉంటుంది, అదే టైమ్ లూప్, ఆ రెండు నిమిషాలే మళ్ళీ మళ్ళీ జరుగుతుంటాయి. మామూలుగా ఇలాంటి కథల్లో లూప్ సంగతి హీరో ఒక్కడికే తెలుస్తుంది కదా, ఇక్కడ అందరికీ గుర్తుంటుంది, మొత్తం కామెడీ అక్కడే ఉంది. ఇద్దరు గెస్టులు అన్నం జావ తింటుంటారు, ఎంత తిన్నా గిన్నె మళ్ళీ నిండుతుంది, మన అక్షయపాత్రే అనుకోండి, కాకపోతే వీళ్ళకి మొహం మొత్తి చచ్చిపోతుంటారు. సాకే అని జపాన్ వాళ్ళ బియ్యపు మద్యం, దాన్ని వేడి చేయడానికి పెడితే అది ఎప్పటికీ వేడెక్కదు. తల మీద షాంపూ నురగతో స్నానాల గదిలో ఇరుక్కున్న ఒకాయన, పాపం ఎన్నిసార్లు కడుక్కున్నా నురగ తిరిగొస్తుంది. డెడ్‌లైన్ నెత్తి మీదున్న రచయిత ఒక్కడే మొదట్లో తెగ సంబరపడిపోతాడు, ఆ సీన్‌కి మావాడు తొడ చరుచుకుని నవ్వాడు, సోమవారం వాడికి ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది మరి.

ప్రతి లూపూ ఒకే షాట్‌లో తీశారు, కెమెరా ఆ అమ్మాయి వెనకాలే మెట్లెక్కుతూ, సందుల్లో దూరుతూ పరుగెడుతుంది. ఒక లూప్‌లో నేల పొడిగా ఉంటుంది, తర్వాత దాంట్లో అంతా మంచు. చలికాలంలో తీశారు, నిజంగానే మంచు పడింది, దాన్ని దాచకుండా కథలోనే కలిపేసుకున్నారు. నాకది భలే నచ్చింది. లూప్ ఎందుకొచ్చిందో చెప్పే చివరి భాగం మాత్రం కొంచెం హడావుడిగా అనిపించింది, అదేంటో చెప్పను, చూడండి. 86 నిమిషాలే, ఎక్కడా సాగదు. ఇంట్లో లాప్‌టాప్‌లో చూస్తే సగం మజా పోతుంది, రెండో లూప్‌కి నవ్వనోళ్ళు కూడా ఐదో లూప్‌కి పక్కోళ్ళని చూసి నవ్వుతున్నారు.

తిండి సంగతి: పూటీన్ అని ఫ్రైస్ మీద చీజ్ ముక్కలు, గ్రేవీ పోసిస్తారు, ఆ గ్రేవీ మామూలుగా మాంసంతోనే చేస్తారు, వెజ్ వాళ్ళు అడిగి తీసుకోండి. నాకైతే బంకగా ఉండి ఎక్కలేదు. బేగెల్ అనే రొట్టె మాత్రం వదలొద్దు, తేనె నీళ్ళలో ఉడికించి కట్టెల పొయ్యిలో కాలుస్తారు, మన చిల్లు గారె ఆకారమే, నువ్వులు అద్దినవి వేడివేడిగా కాగితం సంచిలో వేసిస్తే రోడ్డు మీదే ఆరు లాగించాం. ఆదివారం దోసె మీదకి మనసు పోయి పార్క్ ఎక్స్‌టెన్షన్ అనే పేటకి వెళ్ళాం, మనవాళ్ళ కొట్లు, హోటళ్ళు బోలెడు. సాంబార్ కాస్త తియ్యగా ఉంది గానీ ఆ రోజు అదే అమృతం.

తిరగడానికి మెట్రో వీకెండ్ పాస్ తీసుకోండి, శుక్రవారం సాయంత్రం 4 నుంచి సోమవారం తెల్లారుజామున 5 దాకా పనిచేస్తుంది, రైళ్ళలో ఏసీ ఉండదని మాత్రం ముందే తెలుసుకోండి. రూమ్ ఇంకో యాభై డాలర్లు ఎక్కువైనా సరే థియేటర్‌కి నడిచెళ్ళే దూరంలో చూసుకోండి, అర్ధరాత్రి షో అయ్యాక ఆ ఇరవై నిమిషాల నడక, ఆ మెట్లు నాకిప్పటికీ గుర్తే. మావాడు ఆ మెట్ల మధ్యలో ఆగి, ఆయాసపడుతూ, "రెండు నిమిషాలైందేమో చూడరా, మళ్ళీ థియేటర్లో తేలతామేమో" అన్నాడు.